ఎవర్నీ రెండుసార్లు లెక్కపెట్టొద్దు, ఎవర్నీ వదిలిపెట్టొద్దు

(మన సొసైటీ వార్షికోత్సవం సందర్భంగా, పోటీ పరీక్షలకు తయారవుతున్న విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షికోత్సవ సభలో లెక్కల పాఠమేమిటని పెద్దలు కొందరు అనుకోవచ్చు. సాయంకాలం తరగతులలో మేము చూస్తున్న సంగతి ఒకటి ఉంది. తెలివి ఉండి, డిగ్రీ ఉండి కూడా "మాకు లెక్కలు రావండీ" అని దరఖాస్తే పెట్టకుండా ఆగిపోయే పిల్లలు మనలో ఉన్నారు. ఆడపిల్లల్లో ఇది మరీ ఎక్కువ. పరీక్షలో ఓడినవారికి మళ్ళీ ఒక అవకాశం ఉంటుంది. పరీక్షకే పోనివారికి ఏముంటుంది? అందుకని, పిల్లలు చూడగానే బెదిరే ఒక రకం లెక్క ఎంచుకొని, అది ఎంత తేలికో ఈవేళ మనవి చేస్తాము. అవే ఒకదానిపై ఒకటి పడే సమితుల లెక్కలు. పదో తరగతి పుస్తకంలో సమితులు, వెన్ చిత్రాలు అని చదువుకున్నదే. పోలీసు ఉద్యోగాల పరీక్షలు మొదలుకొని సివిల్ సర్వీసు ప్రిలిమినరీ దాకా ఈ రకం లెక్కలు ఎదురవుతూనే ఉంటాయి.

ముందుగా ఒక లెక్క చూద్దాము. ఒక పాఠశాలలో 120 మంది పిల్లలున్నారు. 75 మందికి ఉర్దూ చదవడం వచ్చు. 68 మందికి తెలుగు చదవడం వచ్చు. 15 మందికి రెండూ రావు. రెండూ వచ్చినవారు ఎందరు?

75, 68 కలిపితే 143 వస్తుంది. బడిలో ఉన్నదేమో 120 మందే. ఇక్కడే పిల్లలు కంగారు పడతారు. కంగారు పడవలసిన పని లేదు, ఆ ఎక్కువే మనకు దారి చూపిస్తుంది. రెండు భాషలూ వచ్చిన పిల్లవాడు ఉర్దూ వరుసలో ఒకసారి, తెలుగు వరుసలో ఒకసారి చెయ్యెత్తాడు. రెండుసార్లు లెక్కకు వచ్చాడు. రెండూ రాని 15 మందిని పక్కన పెడితే మిగిలింది 105 మంది. ఎత్తిన చేతులు 143. తేడా 38. ఆ 38 మందే రెండూ వచ్చినవారు. ఇక ఉర్దూ మాత్రమే వచ్చినవారు 37, తెలుగు మాత్రమే వచ్చినవారు 30. సరిచూసుకోండి: 37, 38, 30, 15 కలిపితే 120. నాలుగు ముక్కలూ కలిపి మొత్తం వచ్చిందంటే జవాబు సరైనదే, ఎవరినీ అడగనక్కరలేదు.

సూత్రం బట్టీ పట్టవద్దని మేము అనడం లేదు. బొమ్మ వేసిన తరువాత పట్టండి అంటున్నాము. ముందు ఒక పెట్టె గీయండి. అది మొత్తం. దానిలో ఒకదానిపై ఒకటి పడేట్టు రెండు వలయాలు గీయండి. నడిమి ముక్క తెలిస్తే ముందు అది నింపండి. తరువాత పక్క ముక్కలు, చివరకు వలయాల బయట మిగిలిన చోటు. ఈ బొమ్మను 1880లో ఇంగ్లండులో జాన్ వెన్ అనే తర్కశాస్త్రవేత్త వివరించారు, అందుకే ఆయన పేరు వచ్చింది. "అదీ కాదు, ఇదీ కాదు" అంటే రెండు వలయాలకూ బయట ఉన్నదని నియమంగా చెప్పిన డి మోర్గాన్ 1806లో మన మదురైలో పుట్టినవారే.

ఇక అసలు చిక్కు అంకెల్లో లేదు, మాటల్లో ఉంది. "ఉర్దూ వచ్చినవారు 75" అంటే వారిలో తెలుగు కూడా వచ్చినవారు కలిసే ఉన్నారు. "ఉర్దూ మాత్రమే వచ్చినవారు" అంటే వేరు. మన ఇళ్ళలో మాటల్లో చెప్పుకుందాము: "సిర్ఫ్" అనే మాట ఉందా, లేదా? ఉంటే ఒక ముక్క. లేకుంటే పూర్తి వలయం. అలాగే "కమ్ సే కమ్" అన్నది. కనీసం ఒకటి వచ్చినవారు అంటే ఒకటి వచ్చినవారు, రెండూ వచ్చినవారు అందరూ. "లేదా" అన్న మాట మరీ మోసం చేస్తుంది. ఇంటికి వచ్చిన చుట్టాన్ని "టీ గాని కాఫీ గాని తాగుతారా" అంటే రెండిట్లో ఒకటే అని అర్థం. లెక్కలో "ఉర్దూ గాని తెలుగు గాని" అంటే రెండూ వచ్చినవారు కూడా అందులో ఉన్నట్టే. ప్రశ్న చదివేటప్పుడు ఈ మూడు మాటల కింద గీత గీయడం అలవాటు చేసుకోండి. స్టాఫ్ సెలక్షన్ వారి కంబైన్డ్ గ్రాడ్యుయేట్ పరీక్ష మొదటి అంచెలో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు. అంటే ఒక్కోదానికి 36 సెకండ్లు. గీత గీయడానికి రెండు సెకండ్లు పోతాయి, గీయకపోతే మార్కు పోతుంది. తప్పు జవాబుకు కోత పెట్టే పరీక్షలో చేతికొచ్చిన మార్కులు కూడా పోతాయి.

శాతాల లెక్క వస్తే వలయాలకంటే నాలుగు గదుల పట్టిక సుఖం. ఒక పరీక్షలో 30 శాతం గణితంలో తప్పారు, 25 శాతం ఇంగ్లీషులో తప్పారు, 10 శాతం రెండింటా తప్పారు. రెండింటా నెగ్గినవారు 220 మంది. పరీక్ష రాసినవారెందరు? రెండింటా తప్పినవారు 10. గణితం ఒక్కటే తప్పినవారు 20, ఇంగ్లీషు ఒక్కటే తప్పినవారు 15. మూడు గదులూ కలిపి 45. నాలుగో గది 55 శాతం. ఆ 55 శాతమే 220 మంది అయితే మొత్తం 400 మంది. తప్పినవారి సంగతి చెప్పి, నెగ్గినవారిని గురించి అడగడం ఇక్కడి ఎత్తు. పట్టిక వేసినవాడు ఆ ఎత్తుకు చిక్కడు.

మరో రకం ఉంది. 100 మందిలో 70 మందికి సైకిలు తొక్కడం వచ్చు, 80 మందికి ఈత వచ్చు, రెండూ వచ్చినవారు కనీసం ఎందరు, గరిష్ఠం ఎందరు? 70, 80 కలిపితే 150. ఉన్నది 100 మందే కనుక కనీసం 50 మందికి రెండూ వచ్చి తీరాలి. గరిష్ఠం 70, ఎందుకంటే చిన్న వలయం పూర్తిగా పెద్దదానిలో ఇమిడిపోవచ్చు. అంతకు మించి ఇమడదు.

ఇప్పుడు మూడు వలయాలు. దీనికి మన పనికి దగ్గరగా ఉండే లెక్క తీసుకుందాము. ఇవి మన సొసైటీ లెక్కలు కావు, పాఠం కోసం అనుకున్న అంకెలు. ఒక మొహల్లాలో 200 కుటుంబాలు. బియ్యం సాయం పొందినవి 90, పిల్లల ఫీజు సాయం పొందినవి 80, వైద్య సాయం పొందినవి 60. బియ్యం, ఫీజు రెండూ పొందినవి 30. ఫీజు, వైద్యం పొందినవి 25. బియ్యం, వైద్యం పొందినవి 20. మూడూ పొందినవి 10. ఏదీ పొందని కుటుంబాలెన్ని?

నడిమి ముక్కలో 10 వేయండి. "బియ్యం, ఫీజు పొందినవి 30" అన్నచోట "సిర్ఫ్" లేదు, కనుక ఆ 30లో ఈ 10 ఉన్నాయి. బియ్యం, ఫీజు మాత్రమే పొందినవి 20. అలాగే ఫీజు, వైద్యం మాత్రమే పొందినవి 15. బియ్యం, వైద్యం మాత్రమే పొందినవి 10. ఇక బియ్యం ఒక్కటే 50, ఫీజు ఒక్కటే 35, వైద్యం ఒక్కటే 25. ఏడు ముక్కలూ కలిపితే 165. బయట మిగిలినవి 35.

సూత్రంతోనూ సరిచూడవచ్చు. 90, 80, 60 కలిపితే 230. రెండేసి పొందినవి 30, 25, 20 కలిపి 75 తీసేస్తే 155. మూడూ పొందిన 10 కుటుంబాలు మూడుసార్లు కలిశాయి, మూడుసార్లు పోయాయి. అందుకని వాటిని ఒకసారి తిరిగి చేర్చాలి. 165.

పెద్దలు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడాలని మనవి. మూడు పద్దులూ వేరువేరుగా చదివితే ఎవరైనా 230 కుటుంబాలకు సాయం అందిందనే అనుకుంటారు. మొహల్లాలో ఉన్నవే 200 కదా! నిజంగా అందింది 165కు. ఆ 35 ఇళ్ళ పేరు ఏ పద్దులోనూ కనిపించదు, ఎందుకంటే ఏదో ఒకటి పొందినవారి పేర్లే మనం రాసుకుంటాము. బహుశా అందులో అడగడానికి సిగ్గుపడే విధవరాలు ఉండవచ్చు, కొత్తగా వచ్చిన కూలీ ఉండవచ్చు. పెట్టె గీయకుండా వలయాలు మాత్రమే గీస్తే బయటివారు ఉన్నట్టే తెలియదు.

ఈ ఆలోచన మనకు కొత్త కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్-ఖ్వారిజ్మీ రాసిన అల్-జబ్ర్ గ్రంథం పేరులోనుంచే ఆల్జీబ్రా అనే మాట పుట్టింది. ఆ గ్రంథంలో పెద్ద భాగం వీలునామాల, వారసత్వ వాటాల లెక్కలకే కేటాయించారు. తల్లికెంత, కూతురికెంత, ఎవరి హక్కు ఎవరికీ పోకూడదు. లెక్క నేర్వడమంటే న్యాయం నేర్వడమని ఆ పెద్దలకు తెలుసు.

అందుచేత విద్యార్థులకు మా మాట ఇది. రోజుకు ఐదే లెక్కలు చేయండి. ప్రతిదానికీ పెట్టె గీయండి, మూడు మాటల కింద గీత గీయండి, ముక్కలు కలిపి మొత్తం సరిచూడండి. నెల తిరిగేసరికి ఇన్షా అల్లాహ్ చేయి తనంతట తాను నడుస్తుంది. ఈసారి నోటిఫికేషను పడినప్పుడు "లెక్కలు రావు" అని ఎవరూ వెనక్కి పోకండి.

కార్యవర్గానికి కూడా ఒక విన్నపం. రమజానులో జకాత్ పంపకానికి ముందే, మన మొహల్లాలోని ఇళ్ళన్నింటికీ ఒకే జాబితా తయారు చేయిద్దాము. ఇంటికొక నంబరు, ఆ నంబరు ఎదుట అందిన సాయాలన్నీ. ఈ తరగతి పిల్లలే ఇంటింటికీ వెళ్ళి రాసుకొస్తారు. ఏ సాయమూ లేని వరుసలు ఎన్నో ముందు వాళ్ళే లెక్కించి చెప్తారు. పరీక్షకు అంతకంటే మంచి సాధన లేదు, సొసైటీకి అంతకంటే మంచి పని లేదు.

 అల్లాహ్ మన పిల్లల చదువులో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.