నోటుపై సిరా మరకా? అచ్చు తప్పా?

(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల పాల సంఘాల సభ్యుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



నోటుపై వింత గుర్తు కనబడితే కొందరు దొంగనోటని భయపడతారు. కొందరు లక్షలు పలుకుతుందని ఆశపడతారు. రెండూ తొందరపాటే.

వంద నోటుపై గాంధీగారి బొమ్మ చేతికి గరుకుగా తగులుతుంది. అక్కడ సిరా మందం. ఆరకముందే కాగితాలు ఒకదానిపై ఒకటి పడితే ఆ సిరా రెండోదానికి అంటుతుంది. ఆ గుర్తు పలచగా, తిరగబడి ఉంటుంది. అద్దంలో చూస్తే సరిగా కనబడుతుంది. తడి చేతులతో అలికిన మరకకైతే ఆకారమే ఉండదు.

అచ్చు తప్పు వేరు. రెండుచోట్ల నంబర్లు కలవవు, లేదా ఒకచోట నంబరే పడదు, లేదా బొమ్మ పక్కకు జరుగుతుంది. తిరగబడిన బొమ్మ అసలంత ముదురుగా, నిండుగా ఉంటే అదీ యంత్రం తప్పు కావచ్చు.

నంబరులో నక్షత్రం తప్పు కాదు. చెడిన నోటుకు బదులుగా అచ్చువేసినదని దాని అర్థం. 2006లో మొదలైంది, చెల్లుతుంది.

మంచినోటా కాదా అన్నది మరకను బట్టి కాదు, నీటిగుర్తు, భద్రతా దారం చూసి తేల్చాలి. అనుమానముంటే బ్యాంకులో చూపించండి. పాత నోట్లు కొంటామంటూ తన పేరుతో కమీషన్ అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. పాలు పిండి సంపాదించిన డబ్బు వారి చేతిలో పోయకండి.