రోమను అంకెలు వ్రాయు విధము

(తెలుగు సాంస్కృతిక సమాజపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



పద్యమునకో పాటకో దక్కవలసిన అరగంటను అంకెలకై అడిగి పుచ్చుకొంటిని. నేను గణితశాస్త్రము చదివినవాడను కాను. కళాశాలలో చరిత్ర చదివి, పిమ్మట ఇరువది ఏండ్లుగా సచివాలయమున ఫైళ్ళు చదువుచున్నవాడను. ఆ ఫైళ్ళలో రోమను అంకెలు కనబడని దినము లేదు. ఇంటికి పోయినచో అక్కడను అవియే ఎదురగును. మన పిల్లలు చిన్న తరగతులలోనే వానిని నేర్చుకొనవలసియున్నది. "నాన్నగారూ, నలుబదితొమ్మిది ఎట్లు వ్రాయవలెను?" అని పిల్లవాడు అడుగును. గడియారము పుణ్యమా అని పన్నెండు వరకు మనకందరికిని వచ్చును. ఆ పైన "అమ్మ నడుగుము" అని వార్తాపత్రికను ముఖమునకు అడ్డము పెట్టుకొను తండ్రులే ఎక్కువ. ఆ పన్నెండు గడపను దాటించుట నా మొదటి పని.

నల్లబల్ల లేని సభ కావున అక్షరముల పేర్లు పలుకుచు పోయెదను. పిల్లలు అరచేతిమీద వ్రేలితో వ్రాసికొనుచు రావలెను. అక్షరములు ఏడే. ఐ అనగా 1, వి 5, ఎక్స్ 10, ఎల్ 50, సి 100, డి 500, ఎం 1000. పెద్ద అక్షరము వెనుక చిన్నది వచ్చినచో కూడవలెను. పెద్దదానికి ముందు చిన్నది వచ్చినచో తీసివేయవలెను. 1956 వ్రాసినపుడు చివరి రెండక్షరములు వి, ఐ. 2014 వ్రాసినపుడు ఐ, వి. అక్షరములు అవియే, వరుస మాత్రమే మారినది. ఒకచోట ఆరు, ఒకచోట నాలుగు. మొదటిది ఆంధ్రప్రదేశ్ అవతరించిన సంవత్సరము, రెండవది తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన సంవత్సరము కావున మన పిల్లలు వీనిని మరువరు.

తీసివేతకు హద్దులున్నవి. ఐ అను అక్షరము వి, ఎక్స్ ల ముందు మాత్రమే నిలుచును. ఎక్స్ అనునది ఎల్, సి ల ముందు. సి అనునది డి, ఎం ల ముందు. నూటికి ఒకటి తక్కువ గదా అని 99ని ఐ-సి అని రెండక్షరములలో తేల్చివేయుటకు పిల్లలు ఉబలాటపడుదురు. అది చెల్లదు. తొంబదిని వేరుగా, తొమ్మిదిని వేరుగా వ్రాయవలెను: ఎక్స్-సి, ఐ-ఎక్స్. ఇక వి, ఎల్, డి అను మూడును ఒక సంఖ్యలో రెండుమారులు రావు. వానిని తీసివేతకును వాడరు.

ఈ నియమములన్నియు కంఠస్థము చేయించుట కంటె సులభమైన దారి కలదు. ఒకటి నుండి తొమ్మిది వరకు తొమ్మిది రూపములు వచ్చిన చాలును: ఐ, ఐ-ఐ, ఐ-ఐ-ఐ, ఐ-వి, వి, వి-ఐ, వి-ఐ-ఐ, వి-ఐ-ఐ-ఐ, ఐ-ఎక్స్. ఇది ఒక బాణీ అనుకొనుడు. పదులకు వచ్చినపుడు బాణీ అదియే, స్వరములు మాత్రము మారును. ఐ స్థానమున ఎక్స్, వి స్థానమున ఎల్, ఎక్స్ స్థానమున సి పెట్టుడు. పది నుండి తొంబది వరకు వచ్చివేయును. వందలకు సి, డి, ఎం లతో మరల అదే బాణీ. పిల్లవాడడిగిన 49 ఇపుడు చూడుడు: నలుబది ఎక్స్-ఎల్, తొమ్మిది ఐ-ఎక్స్, కలిపి ఎక్స్-ఎల్-ఐ-ఎక్స్.

ఢిల్లీలో ఉన్న మనకు పాఠ్యపుస్తకము కంటె మంచి ఉదాహరణము ఇండియా గేటుపై చెక్కియున్నది. లుటియెన్సు రూపకల్పన చేయగా 1931లో ప్రారంభమైన ఆ కట్టడము, మొదటి ప్రపంచయుద్ధమునందును మూడవ ఆఫ్గను యుద్ధమునందును మడిసిన భారత సైనికుల స్మారకము. పైభాగమున "ఇండియా" అను మాటకు ఇరువైపుల రెండు సంవత్సరములు రోమను సంఖ్యలలో ఉన్నవి. ఎడమవైపున ఎం-సి-ఎం-ఎక్స్-ఐ-వి. మొదటి ఎం వేయి, సి-ఎం తొమ్మిది వందలు, ఎక్స్ పది, ఐ-వి నాలుగు, అనగా 1914. కుడివైపున అన్ని అక్షరములు అవియే, తుది వి స్థానమున మాత్రము ఎక్స్, అనగా 1919. వేలకొలది ప్రాణములను బలిగొన్న అయిదేండ్ల కాలము ఆ చివరి అక్షరపు మార్పులో ఉన్నది.

ఇపుడొక చిత్రమును గమనింపుడు. 1950ని వ్రాయవలెనన్నచో మనమేమి చేసితిమి? వేయి, తొమ్మిది వందలు, అయిదు పదులు అని విడదీసి ఎం, సి-ఎం, ఎల్ అని వ్రాసితిమి. ఒకట్ల స్థానమందలి సున్నకు ఏమియు వ్రాయలేదు. ఏలయన రోమనులకు సున్న గుర్తు లేదు. వేలు, వందలు, పదులు, ఒకట్లు అను ఈ విభజన స్థానవిలువ ననుసరించి వ్రాయు మన భారతీయ పద్ధతిలో సహజముగా ఉన్నది. మన బాలుడు రోమను సంఖ్యను తప్పు లేకుండ వ్రాయుచున్నాడన్నచో ముందుగా మనస్సులో భారతీయ పద్ధతిలో వ్రాసికొని, తరువాత దానికి రోమను చొక్కా తొడుగుచున్నాడన్నమాట.

రోమనులు స్వయముగా ఇంత నియమనిష్ఠలతో వ్రాయలేదు. రోము నగరములోని కొలోసియము ద్వారములపై చెక్కిన సంఖ్యలలో నాలుగునకు ఐ-వి లేదు. నాలుగు ఐలు నిలువుగా ఉన్నవి. అయితే నలుబదికి మాత్రము తీసివేతయే. కావున 44వ ద్వారము మీద ఎక్స్-ఎల్ తరువాత నాలుగు గీతలు కనబడును. క్రీ.శ. 9లో జర్మనీ అడవులలో నాశనమైన 18వ దండునకు చెందిన ఒక అధికారి స్మారక శిలపై ఆ దండు సంఖ్య ఎక్స్-ఐ-ఐ-ఎక్స్ అని, అనగా ఇరువదికి రెండు తక్కువగా, చెక్కబడియున్నది. మన బడిలో అట్లు వ్రాసిన ఎర్రసిరా పడును. గడియారములపై నాలుగు గీతలను చూచి "తప్పు" అను పిల్లలతో, అది తప్పు కాదు, పాత అలవాటు అని చెప్పుడు.

వీనితో లెక్క చేయుట మాత్రము మరియొక సంగతి. 88 వ్రాయుటకు ఎనిమిది అక్షరములు కావలెను: ఎల్, మూడు ఎక్స్‌లు, వి, మూడు ఐలు. నూటికి ఒక్క సి చాలును. సంఖ్య పొడవును చూచి పెద్దదో చిన్నదో చెప్పుటకు వీలులేదు. ఒకదాని క్రింద ఒకటి వ్రాసి కూడుటకు ఒకట్ల క్రింద ఒకట్లు రావు. ఇక గుణకారము మాట చెప్పనక్కరలేదు. రోమనులు లెక్కలను గులకరాళ్ళతో పలకమీద చేసి, వచ్చిన ఫలితమును మాత్రము అక్షరములలో వ్రాసికొనెడివారు. లాటిను భాషలో గులకరాయికి పేరైన కాల్క్యులస్ అను మాట నుండియే ఆంగ్లములో లెక్కించుటకు వాడు మాట పుట్టినది. ఈ ఏడక్షరములతో, మామూలు నియమములతో, 3999 దాటి వ్రాయలేము. ఆపై అక్షరము నెత్తిన అడ్డగీత గీసి వేయింతలు చేయవలెను. మన జీతముల బిల్లులు ఈ అంకెలలో వేయవలసివచ్చిన యెడల ఒకటవ తేదీ ఎన్నడు వచ్చునో అకౌంట్సు శాఖవారే చెప్పవలెను.

సున్నతో కూడిన స్థానవిలువ పద్ధతి మన దేశమున స్థిరపడినది. బ్రహ్మగుప్తుడు 628లో సున్నతో చేయు కూడికలకు, తీసివేతలకు నియమములు వ్రాసెను. గ్వాలియరు కోటలోని చతుర్భుజ దేవాలయమున 876 నాటి శాసనమొకటి కలదు. దేవునికిచ్చిన పూలతోట పొడవు 270 మూరలని అందులో అంకెలతో చెక్కిరి. ఆ సున్న నేటికిని చక్కగా కనబడును. ఇక్కడినుండి విజయవాడకును హైదరాబాదునకును పోవు రైళ్ళు పెక్కు గ్వాలియరు మీదుగనే పోవును. ఈసారి పోవునపుడు పిల్లలకు చెప్పుడు. ఈ అంకెలు అరబ్బుల ద్వారా యూరపు చేరినవి. 1202లో ఇటలీ దేశీయుడు ఫిబొనాచ్చి వీనిని వివరించి గ్రంథము వ్రాసెను. అయినను 1299లో ఫ్లారెన్సు నగరపు నాణెముల వ్యాపారుల సంఘము ఈ క్రొత్త అంకెలను ఖాతా పుస్తకములలో వ్రాయరాదని కట్టడి చేసినది. దిద్దుటకు సులభమను భయమే దానికి కారణమని చెప్పుదురు. సున్నకు తోక తగిలించిన ఆరగును, తొమ్మిదియు నగును. నవ్వకుడు, చెక్కుమీద మొత్తమును అంకెలలో వ్రాసి మరల అక్షరములలో వ్రాయుట మనము నేటికిని మానలేదు.

మరి లెక్కకు పనికిరాని ఈ రోమను అంకెలు మన కార్యాలయములలో ఎందులకు నిలిచినవి? వానికి తగిన పని ఒకటి మిగిలినది. ఒక పత్రమున భాగములు, అధికరణములు, ఖండములు, ఉపఖండములు ఉన్నపుడు అన్నింటికిని ఒకే అంకెలు వేసినచో చదువరి దారి తప్పును. మన రాజ్యాంగమును చూడుడు. భాగములకు రోమను సంఖ్యలు, అధికరణములకు మన అంకెలు. మూడవ భాగము అన్నను 19వ అధికరణము అన్నను ఒకదానితో ఒకటి కలిసిపోవు. గ్రంథముల పీఠికలకు చిన్న రోమను అక్షరములతో పుటల సంఖ్య వేయుటయు ఇట్టిదే. పీఠిక పొడవు పెరిగినను అసలు గ్రంథపు పుటలను మార్చనక్కరలేదు.

అయితే ఇక్కడ జాగ్రత్త కావలెను. రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో మొదటిది కేంద్ర జాబితా, రెండవది రాష్ట్ర జాబితా, మూడవది ఉమ్మడి జాబితా. మూడింటికిని రోమను సంఖ్యలే. రెండు గీతలకును మూడు గీతలకును భేదము ఒక్క గీత. 1976 నాటి 42వ సవరణచే విద్య రెండవ జాబితా నుండి మూడవ జాబితాకు మారినది. కాగితముమీద అది ఒక గీత అధికమగుట మాత్రమే. దేశములో పాఠశాలలపై ఎవరు శాసనము చేయవచ్చునను ప్రశ్నకు సమాధానమే మారిపోయినది. చిత్తుప్రతిని సరిచూచు చిన్న ఉద్యోగి ఈ గీతలను వ్రేలుపెట్టి లెక్కించుటను నేను చాదస్తమని ఎన్నడును అనను.

ఇక నా మనస్సులోని అసలు మాట. రాజ్యాంగపు 343వ అధికరణము, కేంద్ర ప్రభుత్వ వ్యవహారములకు వాడు అంకెలు "అంతర్జాతీయ రూపము నొందిన భారతీయ అంకెలు" అని చెప్పుచున్నది. రాజ్యాంగసభలో భాషతోపాటు అంకెల గూర్చియు తీవ్రమైన వాదోపవాదములు జరిగి, 1949 సెప్టెంబరు 14న ఈ నిర్ణయము వెలువడినది. ఆ అధికరణమున్న 17వ భాగమునకు మాత్రము సంఖ్య ఎక్స్-వి-ఐ-ఐ! ఆ నిర్ణయమును నేను తప్పుపట్టుటలేదు. ఇన్ని లిపులున్న దేశమున కార్యాలయములకు ఒకే అంకెలుండుట మేలు. అయితే ఆ నియమము కేంద్ర కార్యాలయములకు గాని మన ఇంటికి కాదు. మన ఇండ్లలో తాతలనాటి భారత భాగవతములున్నవి. వాని పుటల సంఖ్యలు తెలుగు అంకెలు. 88ని ఎనిమిది రోమను అక్షరములలో తడబడక వ్రాయు మన బాలుడు, తాతగారి పుస్తకములో ౮౮వ పుట తీయుమన్నచో తెల్లబోవుచున్నాడు. ఊరినుండి వచ్చిన అమ్మమ్మగారు అది చూచి ఏమనుకొనునో మీరే ఊహింపుడు. రోమను అంకెలకు నియమములు, హద్దులు, తీసివేతలు ఇన్ని ఉండగా, తెలుగు అంకెలకు క్రొత్తగా నేర్వవలసిన లెక్క ఏదియు లేదు. పద్ధతి అదియే, రూపములు పది. ౨, ౩లను చూచినవారు ఎవరును చెప్పకయే పోల్చుకొందురు. సున్న ఎట్లును సున్నయే. ఒక ఆదివారపు మధ్యాహ్నము చాలును.

పిల్లలారా, మీకు చిన్న పని. 1947, 1956, 2014 అను మూడు సంవత్సరములను ఒక కాగితముమీద మొదట రోమను అక్షరములలోను, వాని క్రింద తెలుగు అంకెలలోను వ్రాసి, భోజనములకు పోవుటకు ముందు నాకు చూపుడు. మొదటిదానికి తెలుగు అంకెలు నేనే చెప్పెదను: ౧౯౪౭. మిగిలిన రెండును మీరు వ్రాయవలెను. రానిచో ప్రక్కనున్న పెద్దవారి నడుగుడు. వార్తాపత్రికలు ఇక్కడ లేవు.