ఏలీయాకు దేవుడు ముందు ఏమిచ్చాడు?



2004 డిసెంబరు 26, ఆదివారం. సునామీ మన నెల్లూరు తీరాన్ని కూడా తాకింది. అటువంటి ఆపద తప్పించుకున్నవారిలో కొందరికి ఏళ్ళు గడిచినా తుఫాను హెచ్చరిక వింటే గుండెదడ. రాత్రి నిద్ర ఉండదు. వలలు సిద్ధంగా ఉన్నా పడవ ఎక్కలేరు. "విశ్వాసం చాలదు" అని మనం గద్దిస్తాం.

ప్రియులారా, అది అవిశ్వాసం కాదు. ఆపద దాటిపోయినా మెదడు ఇంకా కాపలా కాస్తూనే ఉంటుందని మానసిక శాస్త్రం చెబుతుంది. తప్పించుకు తిరిగినకొద్దీ భయం ముదురుతుంది. ఒకరు తోడుండి, మొదట ఒడ్డున కాసేపు, తరువాత మోకాలిలోతు నీటిలో, అలా కొద్దికొద్దిగా అలవాటు చేస్తే తగ్గుతుంది. బలవంతంగా తోస్తే మరింత బిగుసుకుపోతారు.

మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయము తీయండి. ఏలీయా చావు కోరుకున్నాడు. దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు పంపాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. ప్రశ్న అడిగింది ఆ తరువాతే. (మా కాపరులమైతే ముందే ప్రసంగం మొదలుపెట్టేవాళ్ళం!)

మీ ఇంట అలాంటివారుంటే ప్రార్థించండి, మానసిక వైద్యుని దగ్గరకూ తీసుకెళ్ళండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.