ఇంటి బ్యాటరీ - పదిమంది బ్యాటరీ

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



తరగతిలో ఉర్దూలో చెప్పే లెక్కనే ఈ పూట తెలుగులో మీ ముందు పెడుతున్నాను. కరెంటు పోతే ఫ్యాను ఆగటం ఒక ఎత్తు. ఊపిరికి ఆక్సిజన్ మిషను పెట్టుకున్న పెద్దవారికి అది ఆగటం మరొక ఎత్తు. బ్యాటరీ మాట వచ్చినప్పుడు మనకు ముందు గుర్తు రావలసింది ఆ మంచం.

హిసాబ్ చూడండి. బజారులో మామూలుగా దొరికే ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్లు. హెచ్చవేస్తే 1800 వాట్-అవర్లు. కాని ఇది సీసం, యాసిడ్ బ్యాటరీ. అడుగంటా వాడితే తొందరగా చెడుతుంది, సగం దాటకుండా వాడుకోవటం మేలు. అంటే చేతికి వచ్చేది 900. 5 లీటర్ల ఆక్సిజన్ మిషను సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. ఇన్వర్టరు తినే భాగం పోగా రెండు గంటలు నడిస్తే గొప్ప. అదే బ్యాటరీ మీద మిషనుతోపాటు 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు కూడా తిరిగితే గంటంబావుకు దిగిపోతుంది. కొత్తరకం బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లతోనే తిరుగుతుంది. కాబట్టి రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాను మార్చండని నా సలహా. దుకాణదారు ఈ మాట చెప్పడు లెండి, అతని వ్యాపారం అతనిది. బ్యాటరీ ఎంత పెద్దదైనా, డాక్టరుగారిని అడిగి నిండు సిలిండరు ఒకటి పక్కన ఉంచవలసినదే.

ఛార్జి అయ్యేటప్పుడు ఈ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. మంచం కింద, పొయ్యి పక్కన, ఊదుబత్తి వెలిగించే చోట పెట్టరాదు. డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్ళు కాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి ఈ నీళ్ళ బాధ లేదు, నూటికి 80 వంతులు వాడుకోవచ్చు. ధర మాత్రం ఎక్కువ.

కప్పు మీద సోలార్ ఉన్నవారు మాకేం భయం అంటారు. లైనుకు కలిపిన మామూలు సోలార్, కరెంటు పోగానే తానూ ఆగుతుంది. స్తంభం మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టరు ఉంటేనే ఇల్లు వెలుగుతుంది.

ఇక మన హాలుకు పెద్ద బ్యాటరీ అన్న ప్రతిపాదన. 2018లో పడమటి ఆస్ట్రేలియాలోని మెడో స్ప్రింగ్స్ పేటలో 420 యూనిట్ల బ్యాటరీ పెట్టి, 52 ఇళ్ళకు ఇంటికి 8 యూనిట్ల చొప్పున వాటా ఇచ్చారు. పగలు తమ సోలార్ కరెంటు జమ, సాయంత్రం వాపసు. మన చిట్టీ లాంటిదే! చిట్టీకి మల్లే దీనికీ పుస్తకం సరిగా ఉంటేనే స్నేహాలు నిలుస్తాయి. మొదటి హక్కు ఎవరిదో కొనకముందే రాసుకోవాలి. నా మటుకు రోగులది మొదటిది. పెళ్ళి దీపాలకు దాన్ని తాకనివ్వకూడదు. బోరు మోటారూ వద్దు, స్టార్టు అయ్యేటప్పుడు కరెంటు ఎన్నో రెట్లు లాగుతుంది. కరెంటు ఉన్నప్పుడే ట్యాంకు నింపితే సరి, నిండిన ట్యాంకూ ఒక బ్యాటరీయే కదా! కొన్నేళ్ళకు కొత్తది కొనాలి గనుక నెలనెలా కొంత సొమ్ము వేరుగా జమ చేయాలి.

పాత బ్యాటరీని కబాడీ దగ్గర పగలగొట్టనివ్వకండి. సీసం ధూళి పిల్లల మెదడుకు చేటు. 2022 నియమాల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. అమ్మినచోటనే తిరిగి ఇచ్చి రసీదు అడగండి.

కార్యదర్శిగారి దగ్గర నోటుబుక్కు పెట్టించాము. ఇంట్లో ఆక్సిజన్ మిషను ఉన్నవారు పేరు, దాని వాట్లు ఈ రోజే రాయించి వెళ్ళండి. వాట్లు మిషను వెనుక చీటీ మీద ఉంటాయి.