దవాఖానకు యంత్రం ఇచ్చేముందు



మా కొత్తవాడలో మగ్గాల చప్పుడు ఇదివరకంత వినిపించడం లేదు గాని, ఒక ఇంటి కబురు ఇంకో ఇంటికి చేరడం మాత్రం ఏమీ తగ్గలేదు. ఈ మధ్య ఒక కబురు అట్లాగే వాడంతా తిరిగింది. దవాఖానకు దానం చేస్తే ఆ పైసలు పన్నులో మొత్తం వాపసు వస్తాయట! ఎవరన్నారని ఆరా తీస్తే, మా పక్కింటి వదినగారి కొడుకు అట్లాంటా నుంచి ఫోనులో చెప్పాడని తేలింది.

అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. అట్లాంటా ఉన్నది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో. అక్కడ పల్లెటూరి ఆస్పత్రులు నడవలేక మూతబడుతుంటే 2016లో ఒక చట్టం చేసి, 2017 నుంచి అమలుపెట్టారు. ప్రభుత్వం గుర్తించిన గ్రామీణ ఆస్పత్రికి ముందుగా అనుమతి తీసుకుని విరాళమిస్తే, రాష్ట్రానికి కట్టవలసిన పన్నులో ఆ మేరకు తగ్గిస్తారు. మొదట్లో కొంత భాగమే తగ్గించేవారు, తరువాత ఒక హద్దు లోపల పూర్తిగా చేశారు. ఖజానాకు పోయే సొమ్మునే ఆస్పత్రి వైపు మళ్లించడం అన్నమాట. కాని అది జార్జియా ఆస్పత్రులకే. ఆ అబ్బాయి వరంగల్లు దవాఖానకు నేరుగా పంపితే అక్కడ ఏ రాయితీ రాదు.

మన దగ్గర లెక్క వేరు. ఎనభై జి అని అందరూ అనేది 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షను. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం వచ్చి నంబరు మారింది గాని, జనం నోట ఇంకా అదే పేరు. ఇది పన్నులో తగ్గింపు కాదు, ఆదాయంలో తగ్గింపు. గుర్తింపు ఉన్న ధర్మసంస్థకు పదివేలు ఇచ్చారనుకోండి. చాలా సంస్థల విషయంలో అందులో సగం, అంటే ఐదువేలు, మీ ఆదాయం నుంచి తీసివేస్తారు. మీరు నూటికి ఇరవై చొప్పున పన్ను కట్టేవారైతే మిగిలేది వెయ్యి రూపాయలు. తొమ్మిదివేలు మీ చేతివే! పైగా ఇది పాత పద్ధతి ఎంచుకున్నవారికే. 2023-24 నుంచి మనం అడగకపోయినా వర్తించే కొత్త పద్ధతిలో ఈ రాయితీ లేనే లేదు. మా వాడలో షతరంజీలు నేసే ఇళ్లకు అసలు పన్నే పడదు, ఇక రాయితీ ఎక్కడిది?

ఈ సంగతులన్నీ నాకు ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో. మూడేళ్ల కిందట మా ఆడబిడ్డ మనుమరాలు పుట్టిన మూడోనాడు పచ్చకామెర్లతో ఒక దవాఖానలో చేరింది. అటువంటి పిల్లలను నీలి దీపం కింద పడుకోబెడతారు. ఆ కాంతి ఒంటికి తగిలితే, కామెర్లు కలిగించే పదార్థం బయటికి పోయే రూపంలోకి మారుతుంది. అది ముదిరితే మెదడుకే ప్రమాదం. ఆ రోజు ఒకే దీపం కింద ఇద్దరు పిల్లలు. మూడో బిడ్డ తల్లి పచ్చి బాలింత, గుమ్మంలో నిలబడి వంతు కోసం చూస్తున్నది. ఆ ముఖం నేను మరిచిపోలేదు.

ఇంటికొచ్చి పదిమందిమి కూడినాం. ఒకావిడ షతరంజీ నేసిన కూలి పూర్తిగా తెచ్చి నా చేతిలో పెట్టింది. మా బజారు దుకాణదారు ఒకరు పదిహేనువేలు నోట్ల కట్టగా ఇచ్చి, "అక్కా, రశీదు ఇప్పియ్యి, పన్నుల పట్టిస్త" అన్నాడు. ఇప్పిస్తానన్నాను. దీపం మేమే కొని దవాఖానకు అప్పగించాం. ఫోటో కూడా దిగాం.

ఆడిటరు ఆ రశీదు చూసి నవ్వాడట. రెండువేలు దాటిన విరాళం నగదుగా ఇస్తే చెల్లదు. వస్తువుగా ఇచ్చినదానికి రాయితీ లేదు. మా పదిమందికి గుర్తింపు నంబరూ లేదు. చెక్కు మీద గుర్తింపు ఉన్న సంస్థకే ఇచ్చి, ఆ సంస్థ జారీచేసే సర్టిఫికెట్టు తీసుకోవలసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కాని ఏడాదిపాటు ఆ దుకాణం ముందునుంచి నడవడానికే నాకు సిగ్గయింది.

అంతకన్నా బాధ తరువాత కలిగింది. మరుసటి ఏడు ఇంకో పురుటికి వెళితే మా దీపం మూలన దుప్పటి కప్పుకుని ఉన్నది! మేము తక్కువలో వస్తుందని ట్యూబులైట్ల రకం కొన్నాం. ఆ ట్యూబులు కొన్ని వందల గంటలు వాడాక నీలంగా వెలుగుతూనే ఉంటాయట గాని, బిడ్డకు అందవలసిన బలం తగ్గిపోతుంది. చూసే కంటికి తేడా తెలియదు, కొలిచే పరికరం ఉండాలి. ఎల్ఇడి రకం ఎక్కువకాలం వస్తుంది. "ట్యూబులు మార్చే పద్దు మాకు లేదమ్మా" అని నర్సమ్మ చెప్పింది. ఆమె తప్పేమున్నది? కొనడానికి పదిమంది వస్తారు, పేరు చెక్కిస్తారు. ట్యూబు మీద పేరు చెక్కడానికి చోటుండదు.

హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి సంగతి చూడండి. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారి సంకల్పానికి సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం బంజారాహిల్సులో ఐదెకరాల భూమి, కోటి రూపాయలు ఇచ్చింది. దానంతోనే మొదలైనా, దానంతోనే నడవాలని వారు కూర్చోలేదు. ఇచ్చుకోగలిగినవారి ఫీజులతో పేదలకు ఉచితంగా చూసే ఏర్పాటు చేసుకున్నారు. మనం అంతటివాళ్లం కాము, నిజమే. కాని ట్యూబు ఎవరు మారుస్తారని కొనకముందే అడగడానికి కోటి రూపాయలు అక్కర్లేదు గదా!

ఈసారి వదినగారి కొడుకు డబ్బు పంపుతానంటే ముందు దవాఖానకు వెళ్లి అడిగాం. ఏ రకం కావాలి, ఎన్నేళ్లు మరమ్మతు కంపెనీదే, ఆ తరువాత ఎవరిది, మీ తరఫున గుర్తింపు ఉన్న సంస్థ ఏదైనా ఉన్నదా అని. రాసి ఇస్తామన్నారు, ఇంకా ఇవ్వలేదు. అది వచ్చేదాకా డబ్బు పంపవద్దని వదినగారు కొడుక్కు చెప్పింది. ఈలోగా పాత దీపం ట్యూబులకని ఇంటికి నెలకు యాభై రూపాయలు పోగుచేస్తున్నాం. దీనికి ఏ రాయితీ రాదని మొదటిరోజే అందరికీ చెప్పాను. లెక్క పుస్తకం ఆ షతరంజీ ఆవిడ దగ్గరే ఉన్నది. మొన్న దుకాణదారు కూడా యాభై ఇచ్చి, రశీదు అడగకుండా పుస్తకంలో తన పేరు రాశారా లేదా అని మాత్రం చూసుకున్నాడు.