గుర్రమునకు దమ్ము, ఎద్దునకు దమ్ము

ఖాజీపేట, మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతములలో బండలాగుడు జరిగిన మరునాడు రచ్చబండవద్ద ఒక వాదము తప్పక సాగును. ఈ యేడు మొదటి బహుమానము పొందిన ఎద్దుల జత గొప్పదా, మునుపు పేరుపడిన జత గొప్పదా? ఒకరు అడుగుల లెక్క చెప్పుదురు. మరియొకరు ఆనాటి బండ బరువును జ్ఞప్తికి తెత్తురు. సముద్రముల కావల దూరపు గుర్రపు పందెములను చూచువారు నూరేండ్లకు పైగా ఇదే వాదమును వేరు మాటలలో సాగించుచున్నారు. వారి గుర్రముల కథ మన ఎద్దులను తూచుటకు ఎంతవరకు పనికివచ్చునో చూడవలెనని మా ఉద్దేశము. డబ్బు ఒడ్డి పందెము కాయు విషయముతో మాకు పనిలేదు.

గుర్రపు పందెములలో వెయ్యి, పన్నెండువందల మీటర్ల పరుగు ఒక నిమిషము అటు ఇటుగా ముగియును. అక్కడ వేగమే సర్వము. దూరపు పందెము అట్టిది కాదు. మన దేశమున పూణేలో జరుగు ఇండియన్ సెయింట్ లెజర్ 2,800 మీటర్లు. హైదరాబాదు మలక్‌పేట మైదానమున జరుగు గోల్కొండ సెయింట్ లెజర్ కూడ అంతే. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ కప్పు 3,200 మీటర్లు. ఇంగ్లండులో 1807లో ఆరంభమైన ఆస్కట్ గోల్డ్ కప్పు ఇంచుమించు నాలుగు కిలోమీటర్లు. రౌతును మోసికొని అంత దూరము వచ్చిన పిమ్మట, కడపటి రెండు ఫర్లాంగులలో ఏ గుర్రమునకు ఊపిరి మిగిలియున్నదో దానిదే గెలుపు. మన పల్లెలలో దీనికే దమ్ము అని పేరు.

ఈ దమ్మును గడియారముతో కొలువవచ్చునా? 1890లో కార్బైన్ అను గుర్రము 39 గుర్రములు దిగిన మెల్‌బోర్న్ కప్పును 3 నిమిషముల 28 సెకండ్ల పావులో గెలిచెను. సరిగా నూరేండ్లకు, 1990లో, కింగ్‌స్టన్ రూల్ అను గుర్రము అదే కప్పును 3 నిమిషముల 16.3 సెకండ్లలో గెలిచెను. పన్నెండు సెకండ్ల తేడా! పాత రెండు మైళ్ళ దూరము 1972లో 3,200 మీటర్లుగా మారుటచే తగ్గినది సుమారు 19 మీటర్లే. అది సెకండు పైచిలుకు పని. గడియారమును నమ్మినచో కార్బైన్ ఓడినట్లే. కాని ఆ పందెమున మంచి గుర్రమునకు ఎక్కువ బరువు మోపుట నియమము. కార్బైన్ మోసినది 66 కిలోలు. కింగ్‌స్టన్ రూల్ మోసినది 53. నేల చదునులోను, గుర్రముల మేపులోను నూరేండ్లలో వచ్చిన మార్పు సరేసరి. మమ్మడిగినచో కార్బైన్‌నే ముందు నిలుపుదుము.

బరువు చేయు పనికి మరింత తేటయైన సాక్ష్యము ఫార్ లాప్. ఈ గుర్రము 1930లో అరువదిరెండున్నర కిలోలతో కప్పు గెలిచెను. మరుసటి యేడు 68 కిలోలు మోపగా ఎనిమిదవదిగా వచ్చెను. అది చనిపోయిన పిమ్మట తీసి దాచిన గుండె ఆరు కిలోలకు పైగా తూగినదని చెప్పుదురు; నేటికిని కాన్‌బెరా నగరపు మ్యూజియములో చూడవచ్చును. అంతటి గుండె గల గుర్రమును కూడ ఐదున్నర కిలోలు వెనుకకు లాగినవి. మకైబీ దీవా అను ఆడగుర్రము 2003, 2004, 2005 సంవత్సరములలో వరుసగా కప్పు గెలిచినది. ఏటేట బరువు 51, 55.5, 58 కిలోలుగా పెరిగినను అది తగ్గలేదు. మూడు గెలుపులకన్న ఆ మూడు అంకెలే మాకు ఎక్కువ ముచ్చట గొల్పుచున్నవి.

ఆస్కట్‌లో పద్ధతి వేరు. అక్కడ వయస్సును, ఆడమగ భేదమును బట్టి బరువు నిర్ణయింతురు గాని గెలిచినదని పెంచరు. అక్కడ యేట్స్ అను గుర్రము 2006 మొదలు 2009 వరకు నాలుగేండ్లు వరుసగా గెలిచెను. మరే గుర్రమునకును నాలుగు గెలుపులు దక్కలేదు. అట్టి యేట్స్ 2006లోనే మెల్‌బోర్న్ వెళ్ళి, అందరి ఆశలు తనపై నుండగా ఏడవదిగా వచ్చెను. దమ్ము ఇంటివద్ద విడిచి వెళ్ళలేదు గదా! నేల మారెను, బరువు మారెను, పందెపు నడక మారెను.

ఎదురెదురుగ తలపడినచో తేలునందురా? 2018, 2019, 2020 గోల్డ్ కప్పులు గెలిచిన స్ట్రాడివేరియస్, 2022లో కిప్రియాస్‌తో తలపడి మూడవదిగా వచ్చెను. కప్పు కిప్రియాస్‌ది. కాని నాడు కిప్రియాస్ నాలుగేండ్లది, స్ట్రాడివేరియస్ ఎనిమిదేండ్లది. నవయౌవనమున నున్న జతను, కాడి దించబోవు జతతో పోల్చి తీర్పు చెప్పు రైతు ఉండునా?

ఇక మన బరికి వత్తము. గుర్రపు పందెమున దూరము స్థిరము, కాలమును కొలుతురు. బండలాగుడులో కాలము స్థిరము, దూరమును కొలుతురు. పైగా ఒక్కొక్క జత ఒంటరిగా లాగును. ముందు పోవువాని వెనుక దాగి తుదిలో దూకు ఉపాయమునకు చోటులేదు. పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని వయస్సును నోటిలోనే చూచి తరగతులు చేయుదురు. ఒకే దినమున, ఒకే బరిలో, ఒకే బండకు జరిగిన పోటీ ఆస్కట్‌కన్న న్యాయమైనదని మా అభిప్రాయము.

చిక్కు వచ్చునది రెండూళ్ళ అడుగులను పోల్చినపుడే. ఒక ఊరి బాట పొడవు 250 అడుగులు, మరియొక ఊరిది 150 అడుగులు అనుకొందము. మొదటిచోట ఒక జత ఇరువది నిమిషములలో 3,000 అడుగులు లాగెను. రెండవచోట మరియొక జత 2,700 అడుగులు లాగెను. రచ్చబండ తీర్పు వెంటనే వెలువడును. కాని మొదటి జత తిరిగిన మలుపులు పదునొకండు, రెండవ జత తిరిగినవి పదునేడు. మలుపునకు పదునైదు సెకండ్లు పోయెననుకొన్నచో, లాగిన కాలములో మొదటి జత నిమిషమునకు 174 అడుగులు, రెండవ జత 171 అడుగులు నడచినట్లు తేలును. మూడువందల అడుగుల ఆధిక్యము మూడడుగులకు దిగినది! రెండవ ఊరి బండ బరువైనదైనను, నేల ఇసుకపఱ్ఱయైనను తీర్పు తలక్రిందగును.

ఇది ఊసుపోక చేయు లెక్క కాదు. పేరుపడిన జత నేడు లక్షల రూపాయలు పలుకుచున్నది. అప్పుచేసి కొను రైతు నమ్మునది ఆ అడుగుల అంకెనే. కొనబోవు అన్న అంకెతో పాటు బండ బరువును, బాట పొడవును వ్రాయించుకొనవలెను. మొదటి ఐదు నిమిషములలో ఎన్ని అడుగులు, కడపటి ఐదు నిమిషములలో ఎన్ని అడుగులు అని తప్పక అడుగవలెను; దమ్ము అంతయు ఆ రెండవ అంకెలో నున్నది. జత దమ్మనగా అందలి బలహీనమైన ఎద్దు దమ్మే. అందుచే వలపటిదానిని, దాపటిదానిని వేర్వేరుగా చూడవలెను. నాలుగు పండ్ల తరగతిలో గెలిచినది నోరు కలిసిన పిమ్మట కూడ గెలుచునని ఎవరును పూచీపడలేరు.

ఇంకొకటి. ముల్లుకర్ర పొడిచి లాగించిన అడుగులు దమ్ము లెక్కలోనికి రావు. అవి భయపు లెక్క. బ్రిటనులో 2023 నుండి చదును పందెమున రౌతు కొరడాను ఆరుసార్లకు మించి వాడరాదని నియమము చేసిరి. అమ్మువారు చూపు జతకు తొడలపై, తోక మొదట గాయపు మచ్చలున్నచో ఆ అడుగులలో కొంత తరుగు తీసివేయవలసినదే. వీలైనచో పోటీ ముగిసిన సాయంకాలము కొట్టమువద్దకే పోయి చూడుడు. ఎగపోత ఎంతసేపటికి తగ్గినది, నీరు త్రాగి మేత ముట్టినదా, పడుకొని నెమరు వేయుట ఎప్పుడు మొదలుపెట్టినది, ఈ మూడింటిని పాలేరు నడిగినచో, బరిలో మైకు చెప్పని సంగతి తెలియును.