వెక్కిరింత పేర్లు: గీక్, నెర్డ్, ఛాందసుడు



మన పిల్లల నోట నేడు ‘నెర్డ్’, ‘గీక్’ అను అమెరికా మాటలు తఱచుగ వినబడుచున్నవి. పెద్దలు రెండింటికిని ‘పుస్తకాల పురుగు’ అని యర్థము చెప్పి ఊరకుందురు. విషయ మంత సులభము కాదు.

‘గీక్’ పాత మాట. జర్మను భాషాకుటుంబమున మూర్ఖు డను నర్థము గల ‘గెక్’ దీనికి చుట్టము. ఇరువదవ శతాబ్ది పూర్వభాగమున అమెరికా తిరునాళ్ల ప్రదర్శనములలో, బ్రతికియున్న కోడి తలను పండ్లతో కొఱికి, చూపఱులను వెఱపించి పొట్ట పోసికొను దీనుని గీక్ అనెడివారు. 1946లో వెలువడిన ‘నైట్‌మేర్ ఆలీ’ అను నవలలో విలియం లిండ్సే గ్రెషమ్ ఆ దుర్దశను వర్ణించెను. (శాకాహారులు దానిని చదువకుండుటయే మేలు.) కంప్యూటర్లు వ్యాపించిన పిమ్మట ఆ పేరునే నిపుణులు గర్వముతో చెప్పుకొనసాగిరి.

‘నెర్డ్’ వయస్సు తక్కువ. 1950లో డాక్టర్ స్యూస్ తన పిల్లల పుస్తకమున నొక వింత జంతువునకు ఆ పేరు పెట్టెను. మఱుసటి యేడే డెట్రాయిట్ యువకులు రసహీనుని అట్లు పిలుచుచున్నారని ‘న్యూస్‌వీక్’ పత్రిక వ్రాసెను. ఆ జంతువు పేరే మనుష్యున కంటెనా యను ప్రశ్న నేటికిని తేలలేదు.

వాడుకలో భేద మిది: గీక్ ఒక విషయమును వలచినవాడు. అది రైలింజనులు కావచ్చును, తపాలాబిళ్ళలు కావచ్చును. దానిని గూర్చి అడుగనివారికిని చెప్పును. నెర్డ్ చదువున దిట్ట, నలుగురిలో జంకువాడు. ‘డోర్క్’ అనబడువాడు, పాపము, విద్యతో పనిలేకయే నలుగురిలో తడబడువాడు. జపానువారి ‘ఒటకు’ మఱియు విచిత్రము. ‘మీ యిల్లు’ అని దాని యర్థము. మన ‘తమరు’ వలె గౌరవవాచకము. బొమ్మకథల అభిమానులు ఒకరి నొకరు అట్లు సంబోధించుకొనుట చూచి, 1983లో నకమొరి అకియొ అను రచయిత ఆ మర్యాదనే వారికి వెక్కిరింతగ తగిలించెను.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల యిండ్లలో ఇది వట్టి నిఘంటువు సంగతి కాదు. కొన్నేండ్ల కొక బదిలీ. క్రొత్త యూరు, క్రొత్త బడి, క్రొత్త భాష. స్నేహితుడు దొరకక మునుపే పేరు దొరకును. ఆ పేరునకు జడిసి, తెలిసిన లెక్కకును చేయెత్తుట మానిన బాలుడు ఇంట నోరు విప్పడు. తండ్రి మార్కులను గూర్చి అడుగునే గాని, బడిలో నేమని పిలుచుచున్నారో అడుగడు. ఒకే మాటను నవ్వుచు చెప్పుకొను పిల్లవానికిని, అది విని పుస్తకము దాచుకొను పిల్లవానికిని గల యంతరము ఏ నిఘంటువునను దొరకదు.

మన ‘ఛాందసుడు’ సంగతియు చూడుడు. ఛందస్సనగా వేదము, దాని నధ్యయనము చేసినవాడు ఛాందసుడు. గీక్ మెట్లెక్కగా ఈతడు దిగెను. ఒకని విద్యకు జీతము పెరిగినది, రెండవవాని విద్యకు తఱిగినది. అంతకు మించిన కారణము కనబడదు. కుమారుని బడిలో వెక్కిరించిరని నొచ్చుకొను ఇంటనే, పంచాంగము ముందిడుకొని తిథి ఘడియలు లెక్కించు తాతగారిని ‘చాదస్తం’ అని త్రోసిపుచ్చుచున్నారు. ఆయన చేయుచున్నదియు గణితమే.